ఊళ్ళో ఏడాది పరిశోధన: ప్రశ్నావళి ఆగుతుంది, ముందు ఇళ్ళ పటం, వంశవృక్షాలు, రాత్రి నోట్సు

మీరు అడిగింది క్లుప్తంగా ఇదీ: సాంఘిక మానవశాస్త్రంలో పీహెచ్‌డీకి చేరారు. జగిత్యాల వైపు సుమారు 220 గడపలున్న ఊరు ఎంచుకున్నారు. గల్ఫ్ వలస బంధుత్వాలను ఎలా మారుస్తోందన్నది అంశం. 120 ప్రశ్నల ప్రశ్నావళి సిద్ధంగా ఉంది. నాలుగు నెలల్లో పని ముగుస్తుందా, మొదటిరోజు నుంచి ఏం చేయాలి, ఈ చదువుతో తర్వాత బతుకుతెరువు ఏమిటి అని.

ముందు ఆ ప్రశ్నావళిని సంచీ అడుగున పెట్టండి. ఏడో నెలలో బయటికి తీసి దిద్దుకోవచ్చు, అడగడం చివరి నెలలోనే. అప్పటికి అందులో సగం ప్రశ్నలు మీరే కొట్టేస్తారు, మిగతా సగం తిరగరాస్తారు. ప్రశ్నావళి చెడ్డదని కాదు. ప్రశ్న రాయాలంటే రాగల జవాబులు ముందే తెలిసి ఉండాలి, ఊరు తెలియకుండా అవి తెలియవు. ‘మీ కుటుంబంలో ఎంతమంది?’ అన్న సాదా ప్రశ్ననే తీసుకోండి. పెద్దకొడుకు ఆరేళ్ళుగా దుబాయిలో ఉన్నాడు, కోడలు తల్లిగారింట్లో ఉంటోంది, చిన్నకొడుకు అదే ఇంట్లో ఉన్నా పొయ్యి వేరు, రేషన్ కార్డు మాత్రం అందరికీ ఒకటే. ఆ తల్లి మీకు చెప్పే అంకె మూడు కావచ్చు, ఏడూ కావచ్చు. రెండూ నిజమే. ఏ లెక్కన మూడు, ఏ లెక్కన ఏడు అన్నదే మీ పరిశోధన. ప్రశ్నావళిలోని గడిలో ఒక్క అంకె పట్టేసరికి ఆ సంగతి కాస్తా జారిపోతుంది.

నాలుగు నెలలు చాలవు. కనీసం పన్నెండు నెలలు, వీలైతే పద్నాలుగు. వానాకాలం, యాసంగి రెండు పంటలూ చూడాలి. బతుకమ్మ, పీర్ల పండుగ, ఉగాది ఏడాదికి ఒక్కసారే వస్తాయి, పెళ్ళిళ్ళ ముహూర్తాలు కొన్ని నెలల్లోనే ఉంటాయి. మీ అంశానికి ఇంకో కారణం కూడా ఉంది. గల్ఫ్ నుంచి సెలవు మీద వచ్చే మనిషి రెండేళ్ళకో మూడేళ్ళకో ఒకసారి వస్తాడు, నెలా రెండు నెలలు ఉంటాడు. అన్నదమ్ముల మధ్య ఇంటి పంపకం, అప్పుల లెక్క, ఆడబిడ్డ పెళ్ళి మాటలు అన్నీ ఆ కొద్దిరోజుల్లోనే తేలతాయి. ఏడాది ఉంటే అలాంటి రాకపోకలు కొన్నైనా కళ్ళారా చూస్తారు. నాలుగు నెలల్లో విన్నమాటలే మిగులుతాయి.

అనుమతులు, బస

విశ్వవిద్యాలయం లేఖ, అక్కడి నైతిక సమితి (ఎథిక్స్ కమిటీ) అనుమతి తీసుకుని వెళ్ళండి. ఊళ్ళో సర్పంచిని, పంచాయతీ కార్యదర్శిని కలవండి. ఉత్తర తెలంగాణలో చాలా ఊళ్ళలో గ్రామాభివృద్ధి కమిటీ ఉంటుంది, అందరూ వీడీసీ అనే అంటారు. దానికి చట్టబద్ధమైన అధికారం లేకపోయినా, జరిమానాలు వేయడం, మాట వినని కుటుంబాన్ని వెలివేయడం వంటివి చేసిన కమిటీలు ఉన్నాయి. సర్పంచిని ఒక్కరినే కలిసి కమిటీని వదిలేస్తే నెల తిరక్కుండా ‘ఈయన ఎవరు’ అన్న ప్రశ్న లేస్తుంది. అలాగని కమిటీ పెద్దల చెయ్యి పట్టుకుని ఇంటింటికీ తిరిగితే, వాళ్ళంటే భయపడే ఇళ్ళు మీకు మూసుకుపోతాయి. కలవండి, పని చెప్పండి, కాగితం చూపండి, అక్కడితో చాలు. వాళ్ళు మనిషిని తోడు పంపుతామంటే మర్యాదగా వద్దనండి.

బస ఎక్కడన్నది చాలామంది సౌకర్యాన్ని బట్టి తేల్చేస్తారు. ఈ వృత్తిలో మొదటి ఏడాది చేసే పెద్ద పొరపాటు ఇదే. మీరు ఎవరి అరుగు మీద చాయ్ తాగుతారో ఊరంతా చూస్తుంది. మానవశాస్త్రవేత్త ఎం.ఎన్. శ్రీనివాస్ 1948లో మైసూరు దగ్గర ఊరికి వెళ్ళినప్పుడు ఊరి పెద్దకు చెందిన ఇంట్లోనే ఉన్నారు. దానివల్ల దళితవాడకు, ముస్లింల ఇళ్ళకు తాను సరిగా చేరలేకపోయానని తర్వాత ఆయనే రాసుకున్నారు. తంజావూరు జిల్లాలో సామాజికశాస్త్రవేత్త ఆండ్రె బెతేయ్ అగ్రహారంలో ఉండి పనిచేశారు. ఆయన కూడా ఆ ఇరుకును దాచలేదు. మీరైతే బడి దగ్గరో, రెండు వాడల మధ్యనో అద్దెగది చూసుకోండి. అద్దె ఇవ్వండి, ఊరికే ఉండకండి. ఊరికే ఉంటే ఆ ఇంటివాళ్ళ మనిషి అయిపోతారు. గది దొరక్కపోతే మాదిగవాడలోనో మాలవాడలోనో ఉండటానికి వెనకాడకండి. అక్కడి నుంచి పై కులాల ఇళ్ళకు వెళ్ళడం కొంత కష్టం కావచ్చు. కానీ పై కులాల ఇంట్లో ఉంటూ ఆ వాడలో మనసు విప్పిన మాట వినడం అంతకంటే చాలా కష్టం.

మొదటి రెండు వారాలు ఎవరితో మాట్లాడినా వాళ్ళ ముందు ఏమీ రాసుకోకండి. తెలంగాణలో 2014 ఆగస్టు 19న ఒక్కరోజే రాష్ట్రమంతా సమగ్ర కుటుంబ సర్వే జరిగింది. 2024 నవంబరులో కులగణనకు మళ్ళీ ఇంటింటికీ వచ్చారు. కాగితం పట్టుకుని వచ్చిన మనిషంటే జనానికి పింఛను, ఇల్లు, రేషన్ గుర్తొస్తాయి. అలాంటప్పుడు చెప్పే జవాబులో భూమి తగ్గుతుంది, జబ్బులు పెరుగుతాయి, పెళ్ళయిన కొడుకు వేరు కాపురమవుతాడు. ఇందులో జనం తప్పేమీ లేదు. ప్రభుత్వ కాగితంతో వాళ్ళకున్న అనుభవం అది. మీరు దేనికి వచ్చారో ఒక్క వాక్యంలో, ప్రతి ఇంటికీ అదే వాక్యంగా చెప్పండి: ‘ఈ ఊరి మనుషులు, చుట్టరికాలు, దుబాయి పోవుడు గురించి పుస్తకం రాస్తున్న. దీంతోటి మీకు పింఛన్ రాదు, ఉన్నది పోదు.’ రెండో భాగం తప్పక చెప్పాలి.

పటం, ఇళ్ళ లెక్క

మూడో వారంలో పటం గీయండి. ఉపగ్రహ చిత్రం అచ్చు తీసుకుని దాని మీద నడవండి. పై నుంచి చూస్తే కప్పులు కనిపిస్తాయి గాని గోడ వెనక గోడ, ఒకే కప్పు కింద రెండు గుమ్మాలు కనిపించవు. ప్రతి గుమ్మానికీ మీ సొంత నంబరు ఇవ్వండి. పంచాయతీ ఇంటి నంబరును పక్కన రాసుకోండి, దాని మీద ఆధారపడకండి, కొత్త ఇళ్ళకు బై నంబర్లు పడి వరుస తప్పి ఉంటుంది. బావులు, నీళ్ళ ట్యాంకు, గుళ్ళు, పీర్ల కొట్టం, కుల సంఘాల భవనాలు, కల్లు మండువ, బీడీ కార్ఖానా, తాళం వేసిన ఇళ్ళు అన్నీ గుర్తించండి. తాళం వేసిన ఇళ్ళు, గల్ఫ్ డబ్బుతో మొదలుపెట్టి స్లాబు దగ్గర ఆగిన ఇళ్ళు మీ అంశానికి ముఖ్యం. వాటికి విడిగా ఒక రంగు పెట్టుకోండి. ఆరునెలల తర్వాత అదే పటం మీద మళ్ళీ నడవండి.

తర్వాత ఇంటింటి లెక్క. ఒక ఇంటికి 40 నిమిషాల నుంచి గంట పడుతుంది. రోజుకు అయిదు ఇళ్ళకు మించితే ఆ రాత్రి నోట్సు రాయలేరు. 220 ఇళ్ళకు 45 పనిదినాలు, దొరకని ఇళ్ళకు మళ్ళీ మళ్ళీ వెళ్ళడానికి ఇంకో రెండు వారాలు, అంటే రెండు నెలల పైమాటే. ‘ఇల్లు’ అంటే ఏమిటో మొదటే తేల్చుకుని చివరిదాకా మార్చకండి. ఒకే పొయ్యి మీద వండుకుని తినేవాళ్ళను ఒక ఇల్లుగా లెక్కించడం మంచి పద్ధతి. గల్ఫ్‌లో ఉన్నవాళ్ళకు వేరే వరస పెట్టి నాలుగు సంగతులు రాయండి: ఎప్పుడు పోయారు, చివరిసారి ఎప్పుడొచ్చారు, డబ్బు ఎవరి పేరున వస్తుంది, ఇంట్లో ఎవరికి ఫోన్ చేస్తారు. ఈ చివరి రెండు జవాబులు ఒకటే కానిచోట ఆగి వినండి. డబ్బు తండ్రి ఖాతాకు, రోజూ ఫోన్ భార్యకు వచ్చే ఇంట్లో అత్తాకోడళ్ళ సంగతి మీరు అడక్కుండానే బయటికొస్తుంది.

ఆదాయం, అప్పు, వీసాకు పెట్టిన ఖర్చు మొదటిసారి అడక్కూడదు. ఆ ప్రశ్నలకు అయిదో నెల సరైన సమయం. అప్పుడూ ‘మీకెంత అప్పుంది’ అని కాదు, ‘ఇప్పుడు వీసాకు ఎంత నడుస్తోంది, వడ్డీ నూటికెంత’ అని ఊరి ధర అడగండి. ఊరి ధర చెప్పాక చాలామంది తమ ధర తామే చెబుతారు.

వయసు విషయంలో ఆధార్ కార్డు చూసి రాయకండి. పెద్దవాళ్ళ కార్డుల్లో జనవరి 1 పుట్టినరోజులు కోకొల్లలు. సంఘటనల పట్టిక చేసుకోండి. 1948 సెప్టెంబరు పోలీసు యాక్షన్, 1969 తెలంగాణ ఉద్యమం, 1978 జగిత్యాల జైత్రయాత్ర, 1983లో ఎన్టీఆర్ గెలిచి రెండు రూపాయలకు కిలో బియ్యం ఇచ్చిన కాలం, 1990 ఆగస్టులో కువైట్ యుద్ధం మొదలై మనవాళ్ళు కట్టుబట్టలతో తిరిగొచ్చిన కాలం, 2014లో రాష్ట్రం రావడం, 2018 దుబాయి ఆమ్నెస్టీ (వీసా లేకుండా ఉన్నవాళ్ళకు క్షమాభిక్ష), 2020 లాక్‌డౌన్. వీటికి ఊరి సంఘటనలు ఒక పది కలపండి: కాలువ నీళ్ళు వచ్చిన ఏడు, కరెంటు వచ్చిన ఏడు, చెరువు తెగిన ఏడు. ‘అప్పటికి పెళ్ళయిందా, పిల్లలా, ఎత్తుకునే బిడ్డనా, నడిచే బిడ్డనా?’ అంటే రెండేళ్ళ తేడాలో వయసు దొరుకుతుంది.

భూమి లెక్క ఎకరాలు, గుంటల్లోనే రాయండి. ఎకరానికి 40 గుంటలు. ఆంధ్ర వైపు పుస్తకాలు చదివి సెంట్లలోకి మార్చకండి. పహాణీలో (ఊరి భూమి రికార్డులో) పేరు, పాసుపుస్తకంలో పేరు, నిజంగా దున్నేవాడు, ఈ మూడూ మూడు వరసలు. గల్ఫ్‌కు పోయినవాడి పొలం తమ్ముడు చేస్తున్నాడా, కౌలుకిచ్చారా, బీడు పడిందా అన్నది బంధుత్వం ప్రశ్నే గాని వ్యవసాయం ప్రశ్న ఒక్కటే కాదు. కౌలు సంగతి కాగితం మీద ఉండదు. పొలం గట్టు మీద అడగాలి, ఇంటిముందు కాదు.

వంశవృక్షాలు

మీ పనికి వెన్నెముక ఇది. ఈ పద్ధతిని తీర్చిదిద్దింది బ్రిటిష్ మానవశాస్త్రవేత్త డబ్ల్యూ.హెచ్.ఆర్. రివర్స్. 1898లో ఆస్ట్రేలియాకు ఉత్తరాన ఉన్న టోరెస్ జలసంధి దీవులకు వెళ్ళినప్పుడు ఆయన వెతికింది చూపు, వినికిడి వంటి శక్తులు తల్లిదండ్రుల నుంచి పిల్లలకు ఎలా వస్తాయన్నది. దానికోసం రాసుకున్న వంశావళులే చివరికి సమాజాన్ని చదివే పనిముట్టుగా మారాయి. తర్వాత నీలగిరుల్లోని తోడా తెగ మీదా ఇదే వాడారు. ఆయన నియమం ఇప్పటికీ బంగారమే: వంశావళి రాసేటప్పుడు తండ్రి, తల్లి, బిడ్డ, భర్త, భార్య అన్న అయిదు మాటలతోనే అడగాలి. చెట్టు మొత్తం పూర్తయ్యాక ‘ఈయనను నువ్వేమని పిలుస్తావు’ అని ఒక్కొక్కరి గురించి అడగాలి. రెండూ కలిపితే చెట్టు పాడవుతుంది.

ఎందుకో తెలుగువాళ్ళకు చెప్పనక్కర్లేదు. మనకు మామ అంటే తల్లి తోడబుట్టినవాడు, మేనత్త భర్త, పిల్లనిచ్చిన మామ ముగ్గురూ. అన్న అంటే ఒక్క తల్లి కడుపున పుట్టినవాడు కావచ్చు, పెద్దనాయిన కొడుకు కావచ్చు, పెద్దవ్వ కొడుకు కావచ్చు. పైగా ఊళ్ళో కులం దాటి వరసలు కలుపుకుంటారు. గౌడాయన ముదిరాజు ఇంటికొచ్చి ‘బావా’ అంటాడు, వాళ్ళ మధ్య పెళ్ళి సంబంధం ఏనాడూ లేదు. అందుకని ‘ఒక్క తల్లి పిల్లలేనా?’ అన్నది మీరు వందలసార్లు అడగాల్సిన ప్రశ్న. ‘ఆడిబిడ్డ’ అన్న మాట దగ్గర కూడా జాగ్రత్త. కోడలి నోట భర్త అక్కాచెల్లెళ్ళు, ఇంటి పెద్ద నోట తమ ఇంట పుట్టిన ఆడపిల్ల. యారాలు, సడ్డకుడు, ఇయ్యంకుడు వంటి మాటలను తోడికోడలు, తోడల్లుడు, వియ్యంకుడు అని దిద్దకండి. విన్న మాట విన్నట్టే రాయండి.

గుర్తులు తెలిసినవే: మగవాళ్ళకు త్రిభుజం, ఆడవాళ్ళకు వృత్తం, పెళ్ళికి రెండు సమాంతర గీతలు, తోబుట్టువులకు అడ్డగీత, చనిపోయినవారికి ఒక వాలుగీత. పుట్టిన క్రమంలో ఎడమ నుంచి కుడికి రాయండి. ప్రతి మనిషికీ ఒక నంబరు, ఆ నంబరు జన్మలో మారకూడదు. తాత పేరు మనుమడికి పెట్టే ఇళ్ళలో మూడు తరాల్లో రెండు రాజయ్యలు, రెండు లచ్చవ్వలు ఉంటారు, పేరుతో నడిస్తే వాళ్ళు కలిసిపోతారు. మేనమామ అక్క బిడ్డను చేసుకున్నచోట తరాలు వాలుగా కలుస్తాయి. చాలామంది అక్కడ మనిషిని రెండుసార్లు గీసేస్తారు, చివర్లో జనాభా లెక్క మించిపోతుంది. మనిషిని ఒక్కసారే గీసి, వంపు గీతతో కలపండి. కంప్యూటర్ మీదికి తర్వాత ఎక్కించవచ్చు. ముందు పెద్ద చార్టు కాగితం, పెన్సిలు, రబ్బరు.

తప్పిపోయేవాళ్ళు ఎప్పుడూ ఒకే రకం మనుషులు. పసితనంలో పోయిన పిల్లలు, పెళ్ళయి వెళ్ళిపోయిన ఆడపిల్లలు, మొదటి భార్య, మారుమనువు చేసుకున్న ఆడమనిషికి మొదటి పెళ్ళిలో పుట్టిన బిడ్డలు, కులం తప్పి పెళ్ళి చేసుకున్నవాళ్ళు. భార్య భర్త పేరు చెప్పకపోవచ్చు, పక్కన కూర్చున్న పిల్లలు అందిస్తారు. మగవాళ్ళు తండ్రి వైపు అయిదు తరాలు చెప్పి తల్లి వైపు రెండో తరం దగ్గర ఆగిపోతారు. అందుకే ప్రతి వంశాన్నీ కనీసం ఒక మగవాళ్ళ దగ్గర, ఒక ఆడవాళ్ళ దగ్గర విడివిడిగా రాయండి. తేడా వచ్చినచోట ఎవరిది తప్పో తేల్చేయాలని తొందరపడకండి, తేడాను తేడాగానే రాసుకోండి. ఇల్లరికం, దత్తత ఉన్నచోట పుట్టిన ఇల్లు, పెరిగిన ఇల్లు రెండూ చూపండి. మీ ఊళ్ళో ఇంటిపేర్ల లెక్కన పాతిక ముప్పై చెట్లు వస్తాయి, ఒక్కోదానికి రెండు మూడుసార్లు కూర్చోవాలి.

ఇవి పూర్తయితే ఏం దొరుకుతుంది? ‘మా కులంల మేనరికమే’ అని నలుగురు చెబుతారు. అది నియమం. చెట్ల మీద పెళ్ళిళ్ళన్నీ లెక్కబెడితే సొంత మేనమామ బిడ్డతో ఎన్ని, మేనత్త బిడ్డతో ఎన్ని, వరసకు మాత్రమే మేనరికాలు ఎన్ని, బయటి సంబంధాలు ఎన్ని అని తెలుస్తుంది. దాన్ని 1990కి ముందు, తర్వాత అని విడగొట్టి, అబ్బాయి గల్ఫ్‌లో ఉన్న పెళ్ళిళ్ళను పక్కన పెట్టి చూడండి. నియమానికీ లెక్కకూ మధ్య ఎంత ఎడముందో, అది ఎటు కదులుతోందో అప్పుడు చెప్పగలరు. మీ సిద్ధాంత గ్రంథంలో ఒక అధ్యాయం మొత్తం ఇక్కడి నుంచే వస్తుంది.

అడగడం, వినడం

‘మీ దగ్గర పెళ్ళిళ్ళు ఎలా జరుగుతాయి?’ అంటే పుస్తకం లాంటి జవాబు వస్తుంది. ‘పోయిన మాఘంల మీ చిన్నబిడ్డ పెండ్లికి ఎవరెవరు ఏం పెట్టిండ్రు?’ అంటే పెళ్ళి వస్తుంది. ‘ఎందుకు’ అని మొదలయ్యే ప్రశ్న సంజాయిషీ అడిగినట్టుంటుంది. దానికి బదులు ‘అప్పుడేమైంది, ఆ తర్వాత’ అనండి. ఒక తగాదా జరిగితే న్యాయం ఎటుందో అడక్కండి. ఎవరు ఎవరింటికి వెళ్ళారు, ఎవరు మాట్లాడటం మానేశారు, ఏ పండుగకు మళ్ళీ కలిశారు అని అడగండి.

మీ ప్రాంతంలో ఆడవాళ్ళ దగ్గర కూర్చోవడానికి మంచి వేళ బీడీలు చుట్టే వేళ. వెయ్యి బీడీల లెక్కన కూలి కాబట్టి చేయి ఆగదు, మాట మాత్రం ఆగనక్కర్లేదు. నలుగురు కలిసి కూర్చుంటారు కనుక మగ పరిశోధకుడు అక్కడ ఉన్నా ఎవరికీ ఇబ్బంది ఉండదు. భర్త గల్ఫ్‌లో ఉన్న ఇంట్లో మాత్రం మగవాళ్ళు లోపలికి వెళ్ళకండి, ఒంటరిగా కూర్చోకండి. మీకేం కాదు, ఆ ఇల్లాలికి చెడ్డపేరు పడుతుంది, ఆ పేరు ఫోన్‌లో సముద్రం దాటి వెళుతుంది. మీరు మహిళ అయితే ఆ తలుపు తెరుచుకుంటుంది గాని, కల్లు మండువ, కుల సంఘం మీటింగు దూరమవుతాయి. ఎవరికైనా సగం ఊరే అందుతుంది. ఏ సగం అందిందో గ్రంథంలో రాయడం నిజాయితీ.

రికార్డింగు అన్నిటికీ వద్దు. గంట మాటను అక్షరాల్లో పెట్టడానికి అయిదారు గంటలు పడుతుంది, అందులోనూ ఈ యాసను యంత్రాలు తరచుగా తప్పుగా రాస్తాయి. పాటలు, ఒగ్గు కథ, ఒక మనిషి తన వలస కథను మొదటి నుంచి చివరిదాకా చెప్పడం వంటివి అనుమతి అడిగి రికార్డు చేయండి. తగాదాలు, అప్పులు, ఏజెంట్ల మాటలు వద్దు.

రాత్రి నోట్సు

పగలు జేబు పుస్తకంలో ముక్కలే రాయండి: పేరు నంబరు, ఒక మాట, ఒక అంకె. ఆ రాత్రే పూర్తి నోట్సు రాయాలి. గంటసేపు చూసిన విన్నదానికి రెండు గంటల రాత ఉంటుంది. నిద్రపోయి లేస్తే వరుస పోతుంది, మాటలు మీ మాటలైపోతాయి. మర్నాడు రాద్దాంలే అనుకున్న రోజులు నెలకు పది ఉంటే ఏడాదిలో మూడోవంతు పోయినట్టే. అలసిపోయినరోజు ఇళ్ళు తగ్గించండి, రాత తగ్గించకండి.

కుడిపేజీలో మాత్రమే రాసి ఎడమపేజీ ఖాళీగా ఉంచండి, నెలల తర్వాత వచ్చే ఆలోచన అక్కడ పడుతుంది. ప్రతి పేజీకి నంబరు, తేదీ, చోటు, ఎవరెవరు ఉన్నారన్నది పెట్టండి. ఉల్లేఖనకు ఒక పద్ధతి పాటించండి: అచ్చంగా అన్న మాటలకు జంట కొటేషన్, భావం మాత్రమే గుర్తుంటే ఒంటి కొటేషన్, మీ వ్యాఖ్యకు ఏ గుర్తూ లేకుండా వేరే రంగు. మూడేళ్ళ తర్వాత గ్రంథం రాసేటప్పుడు ఇదే మిమ్మల్ని కాపాడుతుంది. నోట్సు తెలుగులోనే రాయండి. ‘ఇజ్జత్’ను అక్కడికక్కడే ఆంగ్లంలోకి మార్చేస్తే ఆ మాట ఏ ఏ సందర్భాల్లో వాడారో మళ్ళీ వెతకలేరు. జెల్ పెన్ను వాడకండి, వాన తడికి సిరా పారిపోవచ్చు. బాల్ పెన్ను మేలు. మీ చిరాకు, ఒంటరితనం, ఎవరి మీదైనా కోపం వస్తే దానికి వేరే డైరీ పెట్టుకోండి. మూడో నెల, నాలుగో నెలలో ‘ఏమీ దొరకట్లేదు’ అనిపించడం అందరికీ జరుగుతుంది. నాలుగైదు రోజులు ఊరు వదిలి వెళ్ళి, అప్పటిదాకా రాసింది మొదటి నుంచి చదవండి. అడగాల్సిన ప్రశ్నలు అందులోనే కనిపిస్తాయి.

నకళ్ళ గురించి శ్రీనివాస్‌కు జరిగిందే చాలు. పద్దెనిమిదేళ్ళుగా క్రమబద్ధం చేసుకున్న నోట్సు మూడు ప్రతులూ స్టాన్‌ఫర్డ్‌లో ఒకే గదిలో ఉండగా, 1970 ఏప్రిల్‌లో దుండగులు పెట్టిన నిప్పుకు కాలిపోయాయి. తర్వాత జ్ఞాపకం ఆధారంగా పుస్తకం రాసి 1976లో ప్రచురించారు. అంతటి జ్ఞాపకశక్తి అందరికీ ఉండదు. మూడు ప్రతులు ఒకే గదిలో ఉంటే అది ఒక ప్రతే. వారానికోసారి పేజీలు ఫోన్‌తో ఫొటో తీసి ఆన్‌లైన్‌లో దాచండి, నెలకోసారి హార్డ్ డిస్కులో వేసి వేరే ఊళ్ళో పెట్టండి.

అసలు పేర్ల జాబితా మాత్రం నోట్సుతో కలిపి ఉంచకండి. నోట్సులో నంబర్లే ఉండాలి. ఏ నంబరు ఎవరన్నది వేరేచోట, తాళం వేసి. ఖల్లివెల్లి అయి (యజమానిని వదిలి, కాగితాలు లేకుండా) పనిచేస్తున్నవాడు, ఆజాద్ వీసా (ఫలానా యజమాని దగ్గర పని లేకుండా కొన్న వీసా) మీద పోయినవాడు, లైసెన్సు లేకుండా మనుషులను పంపే ఏజెంటు, వెలివేతకు గురైన ఇల్లు, వీళ్ళ సంగతులు మీ పుస్తకంలో ఉంటాయి. అది తప్పుడు చేతిలో పడితే నష్టపోయేది మీరు కాదు. ఊరి పేరు మార్చినంత మాత్రాన సరిపోదు. ‘జగిత్యాలకు ఇన్ని కిలోమీటర్లు, పెద్ద చెరువు, ఫలానా గుడి’ అని రాస్తే మండలంలో ఎవరైనా పోల్చుకుంటారు. ఒక మనిషిని గుర్తుపట్టగలిగే మూడు వివరాలు ఒకేచోట పడకుండా చూడండి.

మీ రాత ప్రభుత్వ ఫైలు కూడా కావచ్చు. 1940లో జోడేఘాట్‌లో కుమ్రం భీం మరణించాక, నిజాం ప్రభుత్వం గోండుల స్థితిగతుల గురించి మానవశాస్త్రవేత్త హైమెండార్ఫ్ చేత నివేదికలు రాయించింది. ఆదిలాబాద్ వైపు గోండుల ఊరు మార్లవాయిలో నెలల తరబడి ఉండి ఆయన రాసినవాటి వెనుక భూమి పట్టాలూ వచ్చాయి, గోండి బోధనకు ఉపాధ్యాయుల శిక్షణ కేంద్రమూ వచ్చింది. అది మేలు చేసిన సందర్భం. అదే వివరం కీడు కూడా చేయగలదని గుర్తుంచుకుని రాయాలి. మానవశాస్త్రవేత్త ఎస్.సి. దూబే శామీర్‌పేట అధ్యయనం చదివి వెళ్ళండి. ఉస్మానియా నుంచి వ్యవసాయం, పశువైద్యం, వైద్యం తెలిసినవాళ్ళతో కలిసి ఒక తెలంగాణ ఊరిని ఎలా చదివారో అందులో ఉంది. ఊరి పేరు ఆయన మార్చలేదు. ఈ రోజుల్లో మీరు మార్చడమే మంచిది.

బతుకుతెరువు

నెట్ (అధ్యాపక అర్హత పరీక్ష), జేఆర్‌ఎఫ్ (పరిశోధన ఫెలోషిప్) రాయండి. అధ్యాపక పోస్టులు తక్కువ, వాటి కోసమే కూర్చోకండి. భారత మానవశాస్త్ర సర్వేక్షణ సంస్థ, రాష్ట్రాల గిరిజన పరిశోధన సంస్థలు, ఆరోగ్య, వలస అంశాల మీద పనిచేసే స్వచ్ఛంద సంస్థలు ఉన్నాయి. 2013 భూసేకరణ చట్టం కింద సామాజిక ప్రభావ అంచనాలకు కూడా మనవాళ్ళను పిలుస్తారు. చట్టం ప్రకారం ఆ అంచనా మొదలుపెట్టిన ఆరునెలల్లో పూర్తికావాలి. చేతికొచ్చేసరికి వారాలే మిగిలి ఉండవచ్చు. అంత తక్కువ సమయంలో ఏం చేయగలం, ఏం చేయలేమన్నది రాతపూర్వకంగా ముందే చెప్పండి. గ్రామసభ తీర్మానాన్ని కళ్ళతో చూడకుండా జరిగిందని సంతకం పెట్టకండి. సివిల్స్ ఆప్షనల్‌గా మానవశాస్త్రం చదివినవాళ్ళు మన దగ్గర చాలామంది ఉన్నారు. పరీక్షకు అది పనికొస్తుంది, పైన చెప్పిన పనికి అది అభ్యాసం కాదు.

చివరి నెలలో కొత్త ఇళ్ళకు వెళ్ళకండి. పటం మళ్ళీ నడవండి, ఖాళీలున్న వంశవృక్షాలు పూర్తిచేయండి, అప్పుడు మీరు దిద్దుకున్న ప్రశ్నావళి తీసి అందులో మిగిలిన ప్రశ్నలు అడగండి. ఎవరి దగ్గరైనా చేబదులు తీసుకుంటే తీర్చేయండి, ఎవరికైనా ఇచ్చి ఉంటే అడక్కండి. వంశవృక్షాల నకలు ఏ ఇంటిది ఆ ఇంటికి ఇచ్చి రండి, అడిగి మరీ తీసుకుంటారు, ఫ్రేము కట్టించుకుంటారు. ఇచ్చేముందు ఒక్కో చెట్టునూ ఆ ఇంటి పెద్దావిడకు విడిగా చూపి, గోడ మీద ఉండకూడని గీతలేవో ఆమెనే అడగండి. మొదటి పెళ్ళి, పోయిన బిడ్డ, వెళ్ళిపోయిన కూతురు, ఆమె వద్దన్నవి ఆ నకలులో తీసేయండి. మీ దగ్గరున్న ప్రతిలో ఉంచండి.